చెట్టు దిగను

అత్తయ్యకి,

మీ కోడలు చెట్టెక్కి కూర్చుని రాస్తున్న ఉత్తరం ఇది. నవ్వకండి. దొడ్లోని తుమ్మచెట్టుకి పైన ఒక్క గుబురే మిగిలింది. పొద్దున మీ అబ్బాయి కొడవలి నూరుతుంటే చూసి, ఆయనకంటే ముందు నేనే ఎక్కేశాను. ముళ్ళు గీరుకుని చేతులు మండుతున్నాయి. అయినా దిగను.

మీరు మీ అమ్మాయి పురిటికి వెళ్ళేటప్పటికి కంచె వెంట రేగుపొదలైనా కాస్త పచ్చగా ఉండేవి. ఇప్పుడు ఆకు లేదు, చిగురు అసలే లేదు. మేకలు బెరడు గీకుతున్నాయి. కింద మిగిలిన నాలుగాకులూ ఎంత చేదెక్కాయో, వాసన చూసి మూతి తిప్పుకుంటున్నాయి. పక్కింటి మేస్త్రీ తన చెట్టుని పోయిన నెల మోడు చేశాడు. మామూలు ఏడాదైతే ఈపాటికి చిగురు వేసేది. ఇప్పుడు గోటితో గీకి చూస్తే లోపల ఎండుపుల్ల. నీళ్ళు లేక అల్లాడే చెట్టు, ఉన్న ఆకు కూడా పోతే దేంతో బతుకుతుంది? ఆ మాటే ఆయనతో అన్నాను.

"ముందు మేకల్ని బతకనీ. చెట్టు సంగతి వాన పడ్డాక చూద్దాం," అన్నారు.

"ఈ గుబురు రెండు పూటలకి కూడా రాదు. తర్వాత?"

"తర్వాత సంగతి నీకెందుకు? ఇదేమన్నా మీ పుట్టింటి చెట్టా?"

పెళ్ళైన నాటినుంచి ఆ మేకల పెంట ఎత్తింది నేను. తల్లి పాలివ్వకపోతే పిల్లల్ని ఒళ్ళో వేసుకుని తాగించింది నేను. అప్పుడెవరికీ నా పుట్టిల్లు గుర్తు రాలేదు. ఆయన చెడ్డవారని కాదు. చూలుమేక అరుస్తుంటే వినలేక బయటికి వెళ్ళిపోతున్నారు. నాకూ భయంగానే ఉంది. నా పంతం వల్ల అది పోతే నన్ను నేను క్షమించుకోలేను.

అందుకే అసలు సంగతి చెబుతున్నాను. వాగు ఒడ్డున మీ తోడికోడలి చెట్లు ఇంకా పచ్చగా ఉన్నాయి. వాటి వేళ్ళకి లోపలెక్కడో తడి తగులుతున్నట్టుంది. పొలం గట్టు గొడవప్పటినుంచీ మీ ఇద్దరికీ మాటల్లేవని తెలుసు. ఆవిడ గుమ్మం తొక్కితే మీరు ఊరుకోరనీ తెలుసు. రేపు తొక్కుతాను. తిట్టినా సరే.

ఫోను చేస్తే ఆయన వింటారు. మీరున్న ఊరి బస్సు మన గోడ పక్కనుంచే కదా వెళ్ళేది, ఇది పైనుంచే డ్రైవరుకి అందిస్తాను.

మీ మొండి కోడలు


అమ్మాయీ,

నీ ఉత్తరం చదవగానే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ నా పట్టుదల దీనికి ఇంత లోకువైపోయిందా అనుకున్నాను. కాసేపటికి ఆ చూలుమేక కళ్ళముందు మెదిలింది. పసిదాన్ని దాని తల్లికి అప్పగించి, మధ్యాహ్నం బస్సెక్కి వాగు దగ్గర దిగాను. ఈ నాలుగు ముక్కలూ నా తోడికోడలి ఇంట్లో కూర్చునే రాసి, సాయంత్రం బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను.

తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మేకలకి ఆకు కావాలి," అన్నాను.

"గట్టు నాదేనని ఒప్పుకుంటావా?"

"చచ్చినా ఒప్పుకోను."

ఫక్కున నవ్వింది. "అయితే నువ్వేం మారలేదు. రా లోపలికి. కొడవలి మాత్రం తేవద్దు. కొమ్మ నరికితే ఊరుకోను. అందినంత తిని పోవాలి, అంతే," అంది.

వాడు నీ పుట్టిల్లు ఎత్తాడు కదా. ఆ సంగతి నేనొచ్చి చూసుకుంటాను. నువ్వు పొద్దున్నే మేకల్ని తోలుకుని వచ్చెయ్. ఎవరినడిగి వెళ్తున్నావని వాడంటే, 'మీ అమ్మ రమ్మంది' అని చెప్పకు. 'నా అంతట నేనే వెళ్తున్నాను' అని చెప్పు.

మీ అత్తయ్య