తరిగొప్పుల కొబ్బరి ముక్క

పాస్టరు అయ్యగారికి వందనాలు.

నేను వేరే దేవునికి కొట్టిన కొబ్బరి ముక్క తిన్న మాట నిజమే. ఆదివారం సంఘమంతటి ముందు నిలబెట్టకుండ పక్కకు పిలిచి అడిగితే అప్పుడే చెప్పేటోన్ని. తప్పు ఒప్పుకునేదాక ప్రభువు బల్ల కాడ రొట్టె, రసం తీసుకోను రావద్దన్నరు, అందుకే గిది రాస్తున్న.

నేను బోరు బండి మీద పనిచేస్తనని మీకు ఎరుకే. బోరు వేసే ముందు రైతు కొబ్బరికాయ కొడ్తడు. వద్దంటే నాకు పనే ఉండదు. ఆయన దండం పెడ్తుంటే నేను బండి పక్కన కండ్లు మూసుకుని మన ప్రభువునే అడుగుత, నీళ్లు పడాలని. గది మీకు ఎవలన్న చెప్పిన్రా?

తరిగొప్పుల కాడ కట్టయ్య అనే రైతుకు అంతకుముందే రెండు బోర్లు ఫెయిలైనయి. మక్క చేను వాడుతున్నది. "తమ్మీ, నీ దేవునికి గూడ జర చెప్పు" అన్నడు. చెప్పిన. పొద్దుగూకేదాక దుమ్మే లేచింది. బండి ఆపితే ఆయన నన్నేం అనలే. పొద్దుగాల కొట్టిన కొబ్బరి తెచ్చి, "ఏం తినలే నువ్వు" అని సగం నాకిచ్చి సగం తను తిన్నడు. గప్పుడు నేను వద్దనాల్నా?

బల్ల సంగతి మీ ఇష్టం. కానీ వచ్చే ఆదివారం కట్టయ్య నాతోని చర్చికి వస్తడట. నీళ్లు ఎందుకియ్యలేదో మన ప్రభువునే అడుగుతడట. దేవుని కాడికి ఉట్టి చేతులతోని రావద్దని కొబ్బరికాయ గూడ తెస్తున్నడు. తలుపు కాడ నిలబడి వద్దని మీరే చెప్పుండ్రి. నాకైతే నోరు రాదు.