బల్ల ముందు గుడ్డ

అన్నయ్యకి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాటకాల హాలు ముందు బోర్డు మీద, వచ్చే శనివారం కార్యక్రమాల్లో మనిద్దరి పేర్లూ ఉన్నాయి. నీ పాట, నా డోలక్, ఆ పాటకే పిల్లల నాట్యం. మనం మాట్లాడుకుని ఆరేళ్లయింది కదా, పాత బోర్డేమో అనుకున్నాను. వేలు పెట్టి చూస్తే రంగు అంటుకుంది.

మేనేజరును అడిగితే, "మీ అన్నయ్యే వచ్చి రాయించాడయ్యా. ఇంట్లో అడగాల్సినవి నన్నడుగుతావేం?" అని కసిరాడు. హాలు ఊడ్చే ఆవిడేమో, "ఆయనెక్కడొచ్చాడు? వచ్చింది మీ వదినమ్మ. ఆయనతో అనొద్దని కూడా చెప్పింది" అంటోంది. ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు. నీకు తెలియకుండా జరిగి ఉంటే, ఈ ఉత్తరంతో నేను వదినను ఇరికించినట్టే. ఆమెను ఏమీ అనకు.

ఎవరు రాయించినా సరే, నువ్వు వచ్చేట్టయితే ఏ పాటో ఒక ముక్క రాయి. ఎందుకైనా మంచిదని డోలక్‌కి కొత్త తోలు వేయించాను.

ఇంకొకటి. పోయిన ఏడాది నుంచి నాకు చెవులు సరిగా వినబడటం లేదు. ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. నేను తాళం తప్పితే పిల్లల అడుగులు తప్పుతాయి. పాడేటప్పుడు నువ్వు బల్ల కింద కాలితో తాళం వేస్తావు కదా, అది చూస్తూ వాయించగలను. హార్మోనియం బల్ల ముందు మాత్రం గుడ్డ కట్టనివ్వకు.

నీ తమ్ముడు