కుర్చీ ముట్టుకోవద్దన్న వారం

న్యూయార్క్, అక్టోబర్ 1950, శనివారం

శ్రీ ఎమిల్ హ్రాబాక్ గారికి,

నిన్న రాత్రి మన డిటెక్టివ్ నాటకం టీవీలో నేరుగా ప్రసారమవుతుండగా మీరు కనిపించిన సంగతి మా దృష్టికి వచ్చింది. స్పాన్సర్ గారు, అంటే నేల పాలిష్ కంపెనీ యజమాని, భార్యతో కలిసి ఇంట్లో చూశారు. ఈ సోమవారం నుంచి మీరు స్టేజీ మీద ఒక్క కుర్చీ కూడా ముట్టుకోకూడదు. మిగతా విషయాలు కాగితం మీద పెట్టడం మా రివాజు కాదు. పైకి వచ్చి కలవండి.

ఇట్లు,
వినిఫ్రెడ్ పెల్,
నటుల ఎంపిక విభాగం

తా.క.: దయచేసి గడ్డం గీసుకోవద్దు.

*

బ్రూక్లిన్, సోమవారం

పదకొండో అంతస్తులో ఉండే మిస్ పెల్ గారికి,

నేను క్షేమంగా లేను. మీరు క్షేమంగానే ఉంటారు, మీకేం.

కుర్చీలు మొయ్యడం నా పని. కుర్చీ ముట్టుకోవద్దంటే ఉద్యోగంలోంచి పొమ్మనేగా. ఆ ముక్క సూటిగా రాయడానికి మీకు చెయ్యి రాలేదు.

జరిగింది చెబుతాను, వినండి. డిటెక్టివ్ వేషం వేసే మా స్టార్ గార్డ్‌నర్ వేల్ గారు ఎడమ తలుపులోంచి వెళ్తే సీను ఇంకా ఉన్నట్టు, కుడి తలుపులోంచి వెళ్తే అయిపోయినట్టు. కింద పనిచేసే మాకందరికీ అదే గుర్తు. శుక్రవారం ఆయన కుడి తలుపులోంచి వెళ్ళారు. ప్రసారం నడుస్తోందని చెప్పే కెమెరా మీది ఎర్ర దీపం కూడా లేదు, బల్బు మాడిపోయింది. సీను అయిపోయిందనుకుని లోపలికి వెళ్ళాను. వితంతువు వేషం వేసినావిడ శవం పక్కన కూర్చుని ఇంకా ఏడుస్తోంది. ఇంటికెళ్ళి ఏడవచ్చు కదా అనుకుని, "లేవమ్మా" అని ఆవిడ కింద నుంచి కుర్చీ లాక్కుని వచ్చాను. దేశమంతా చూస్తోందని నాకేం తెలుసు? మొహం కోపంగా పెట్టానంటారేమో. పెట్టలేదు. నా మొహమే అంత.

ఈ పనిలోకి రావడానికి రెండేళ్ళు గేటు దగ్గర నిలబడ్డాను. ఇవాళ మేస్త్రీ డూగన్, సామాను మోసే మేమంతా కూర్చునే బల్ల దగ్గరికి కూడా నన్ను రానివ్వలేదు. "ఒరేయ్, నువ్వు కుర్చీ మీద చెయ్యేస్తే యూనియన్ నా పీక కోస్తుంది. పోయి పక్కన కూర్చో" అన్నాడు. దేని మీద కూర్చోవాలో చెప్పలేదు.

ఎమిల్ హ్రాబాక్

తా.క.: గడ్డం ఎందుకు గీసుకోకూడదు? జైలుకు పంపుతున్నారా?

*

న్యూయార్క్, మంగళవారం

ప్రియమైన హ్రాబాక్ గారికి,

మీ ఉత్తరం స్పాన్సర్ గారి భార్యకు ఫోనులో చదివి వినిపించాను. "రాత కూడా మొహంలాగే ఉంది" అని మురిసిపోయారు. ఇలాంటి మొహం కోసం ఎండాకాలమంతా ఊరు గాలించాం. వచ్చినవాళ్ళందరూ అందంగా, పళ్ళు కనిపించేలా నవ్వుతూ వచ్చారు. మీరు దేవుడు పంపినట్టు కుర్చీ కోసం వచ్చారు.

శుక్రవారం నాడు రెండో స్టేజీకి అదే చొక్కాతో రండి. ఆ రోజు చేసిందే అందరి ముందూ మళ్ళీ చేయాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీకు ముందుగా చెప్పను. మా నాటకాల్లో ఆఖరి సంగతి ఎవరికీ ముందు చెప్పం, పత్రికలవాళ్ళు కాచుకుని ఉంటారు.

అభిమానంతో,
వినిఫ్రెడ్ పెల్

తా.క.: కుర్చీ లాగిన తర్వాత వితంతువు గారికి నడుం పట్టేసింది. అయినా మీ గురించి చాలా మెచ్చుకుంటూ మాట్లాడారు.

*

బ్రూక్లిన్, బుధవారం

మిస్ పెల్ గారికి,

పొగుడుతూ పీక కోసే పద్ధతి నాకు తెలుసు. మా నాన్నను రేవులో పనిలోంచి తీసేసిన రోజున చేతి గడియారం బహుమతిగా ఇచ్చారు. ఆయన ఏడుస్తూ ఇంటికి వచ్చాడు. నేను ఏడవను.

తప్పు చేసినవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి అదే తప్పు మళ్ళీ చేయించడం విచారణ అనిపించుకోదు, ఎగతాళి అనిపించుకుంటుంది. అయినా వస్తాను. పారిపోయాడని డూగన్ చేత అనిపించుకోను. కానీ నా షరతులు ఇవి. ముందుగా పైకి వచ్చి మీ దగ్గర రిహార్సల్ చెయ్యను, నిజంగా జరిగినదానికి రిహార్సల్ ఎందుకు? ఎవరేమన్నా నోరు విప్పను. ఇక ఆ కుడి తలుపు సంగతి వేల్ గారే అందరి ముందూ చెప్పాలి. ఆయన పేరు పెద్దది, ఒక మాట చెబితే ఆయనకేం పోదు. నాకు పోయేది తిండి.

ఎమిల్

తా.క.: వేల్ గారు బయట కూడా అంత అందంగా ఉంటారా? నేను అడగడం లేదు, మా అమ్మ అడగమంది.

*

న్యూయార్క్, గురువారం

ప్రియమైన ఎమిల్ గారికి,

రిహార్సల్ చేయనని ముందే చెప్పేశారంటే మీరు మామూలు నటుడు కాదు. ఈ మధ్య అలాంటివాళ్ళకే ఊళ్ళో గిరాకీ. నోరు విప్పనన్నందుకు మా కోశాధికారి మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పమన్నాడు, మాట్లాడే వేషానికి జీతం వేరు.

మూడో షరతు నా చేతిలో లేదు. వేల్ గారు ఏ మాట అనాలో స్పాన్సర్ గారే నిర్ణయిస్తారు. మీ ఉత్తరాన్ని మాత్రం ఆయన గదికి పంపాను. రెండుసార్లు చదివి, కాఫీ తాగకుండా కూర్చున్నారట.

రేపు రాత్రి సరిగ్గా తొమ్మిదికి. డూగన్ మిమ్మల్ని లోపలికి తీసుకొస్తాడు.

మీ
వినిఫ్రెడ్ పెల్

తా.క.: వేల్ గారు బయట ఇంకా అందంగా ఉంటారని అమ్మగారికి చెప్పండి. ఆ జుట్టు మాత్రం మాది.

*

బ్రూక్లిన్, శనివారం

మిస్ పెల్ గారికి,

ఏడవనని రాశాను. ఏడ్చాను. దేశమంతా చూసింది కాబట్టి దాచేదేం లేదు.

నటుడు అని మీరు రాసింది వెక్కిరింత అనుకున్నాను. డూగన్ "పోరా, నీ కోసమే కాచుక్కూర్చున్నారు" అని వెనక నుంచి తోశాడు. లోపల దీపాలు, పోలీసులు, నడుం పట్టుకుని వితంతువు. ఆవిడ వేలు నా మీదికి చాపి "వీడే" అంది. అయిపోయింది నా పని అనుకున్నాను. అప్పుడు వేల్ గారు వచ్చి నా భుజం మీద చెయ్యేశారు.

"వీణ్ణి వదిలెయ్యండి. తప్పు నాది. ఎడమ తలుపులోంచి వెళ్ళాల్సినవాణ్ణి ఆ రోజు కుడి తలుపులోంచి వెళ్ళాను. నా మూలాన ఈ కుర్రాడి తిండి పోతుంటే చూస్తూ ఊరుకోలేను" అన్నారు.

ఇన్నేళ్ళలో పైనున్న ఒక మనిషి కిందున్న మనిషి కోసం ఒప్పుకోవడం నేను చూడలేదు. ఆయన కోటు పట్టుకుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని చూస్తే ఎదురుగా ఎర్ర దీపం వెలుగుతోంది. బల్బు మార్చారన్నమాట. ఏం చెయ్యాలో తోచక అలవాటుగా కుర్చీ ఎత్తుకుని బయటికి నడిచాను. అలాగే రైల్లో ఇంటికి వచ్చేశాను.

గుండె తేలికగా ఉంది. కానీ సూటిగా అడుగుతున్నాను, నాకు పని ఉందా, లేదా? చెప్పేదాకా కుర్చీ మా ఇంట్లోనే ఉంటుంది.

ఎమిల్

తా.క.: అమ్మ మాంసం కొట్టువాడి టీవీలో చూసింది. "అంత అందగాడు చంపాడంటే చచ్చినవాడిదే ఏదో తప్పు ఉంటుంది" అంటోంది.

*

న్యూయార్క్, ఆదివారం

ఎమిల్,

ఇప్పుడు కాగితం మీద పెట్టవచ్చు. మేం అనుకున్న కథలో హంతకుడి వేషం నీది. వేల్ గారు నిన్ను చూపించి "పట్టుకోండి" అనాలి, నువ్వు పారిపోవాలి, శీతాకాలమంతా నిన్ను వెతకాలి. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క మా రచయిత రాసింది కాదు. నీ ఉత్తరం చదివి నిజంగానే నీ ఉద్యోగం పోతోందనుకుని, నిజంగానే తప్పు ఒప్పుకున్నారు. దేశమంతా డిటెక్టివే హంతకుడు అనుకుంటోంది. కుడి తలుపు రహస్యం తాము ముందే పసిగట్టామని నిన్నటి నుంచి ఫోన్లు.

స్పాన్సర్ గారు తిడతారని రాజీనామా రాసి పెట్టుకున్నాను. ఆయన భార్య మొదటి వారం నుంచీ వేల్ గారినే అనుమానించిందట. ఇంట్లో భర్త మీద గెలిచిన సంతోషంలో ఉంది, నా రాజీనామా చించేశాను. వేల్ గారు ఇకపై దుర్మార్గుడు. ఏళ్ళ తరబడి మోసిన విగ్గు తీసి నా బల్ల మీద పెట్టి, హాయిగా నెత్తి గోక్కున్నారు.

ఇక నీ సంగతి. స్పాన్సర్ గారి భార్య ఏమందంటే, "ఏడిస్తే మంచి పిల్లాడిలా ఉన్నాడు, మాకు వద్దు." కాబట్టి నటుడిగా నిన్ను ఉద్యోగంలోంచి తీసేశాం. సూటిగానే రాశాను, గమనించు. నటులు సామాను ముట్టుకోకూడదన్నది మీ యూనియన్ రూలు, ఆ వారమంతా డూగన్ భయం అదే. రేపు పొద్దున మీ బల్ల దగ్గరికి వెళ్ళు.

వచ్చేటప్పుడు కుర్చీ తీసుకురా. దాన్ని మోసే హక్కు ఇప్పుడు నీకుంది.

వినిఫ్రెడ్

తా.క.: గడ్డం గీసుకో.