బెల్లం ముక్క

అమ్మా ఉషా,

నువ్వు క్షేమమని తలుస్తాను అని రాయాలి గానీ, నాకు అలా అనిపించడం లేదు. ఫోన్‌లో అడిగితే నవ్వి మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

మొన్న ఇంటికొచ్చినప్పుడు అన్నం తిన్నాక మీ అమ్మను బెల్లం ముక్క అడిగావు. చిన్నప్పుడు పరమాన్నం పెడితేనే మొహం తిప్పుకునేదానివి.

మీ తాతా నేనూ పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి వచ్చి రోజూ బెల్లం తినేవాళ్లం, గొంతులో పేరుకున్న దుమ్మును అది దించుతుందని. ఆ దుమ్ము నాతోనే ఆగిపోవాలని నిన్ను బీఎస్సీ చదివించాను. మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో ల్యాబ్ ఉద్యోగమన్నావు, ఏసీ గది అన్నావు. ఫొటో పంపమంటే నీ మొహం ఒక్కటే పంపావు, గది కనపడలేదు.

"ఏందిరా నీ అనుమానం, పిల్ల చానా చదువుకుంది" అని మీ పెదనాన్న నన్నే తిట్టాడు. చదువుకుంది కాబట్టే నన్ను తేలిగ్గా నమ్మించగలదని నా భయం.

ఈ ఉత్తరంతో పాటు అరకిలో బెల్లం బస్సు డ్రైవర్‌కిచ్చి పంపుతున్నాను. నువ్వు పనిచేసేది ఏసీ గదిలోనే అయితే, ఒక్క ముక్క కూడా విరవకుండా తిప్పి పంపు.

మీ నాన్న