గడ్డికుప్ప మీది నంబరుకు పడిన తాళం

శ్రీకాకుళం,
ఫిబ్రవరి 26, గురువారం.

ఇంటరు పిల్లల పైచదువుల దరఖాస్తుల సహాయ కేంద్రం అధికారి గారి సముఖమునకు,

పొందూరు దగ్గర బుడ్డవలస గ్రామ కాపురస్తుడు గురుగుబెల్లి సోములు, వయస్సు 69, వ్యవసాయం, చదువు అయిదో తరగతి, వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

(లోపల కూర్చున్నది అమ్మగారైతే అమ్మా అని చదువుకోగలరు. మా ఊరిలో ఎవరికీ తెలియలేదు.)

విషయం: నా సెల్ నంబరుకు పడిన తాళం తీయించుట, తద్వారా మా ఊరి పదిమంది ఇంటరు పిల్లల దరఖాస్తులు ఎల్లుండి శనివారం గడువులోగా పూర్తి కానిచ్చుట గురించి.

తమకు విన్నవించునది ఏమనగా, నేను మాట్లాడే మనిషిని కాను. నలుగురున్న చోట నోరు పెగలదు. పెళ్ళిచూపుల్లో నా పేరు కూడా మా నాన్నే చెప్పాడు. అందుచేత చెప్పవలసినదంతా కాగితం మీద పెట్టాను. మా మనవరాలు శైలజ నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇచ్చి, "ఒక్క పేజీలో ముగించీ తాతా, ఆఫీసరు గారికి మనం ఒక్కలమే కాదు" అన్నది. ముగియలేదు. అక్షరాలు గట్టు దాటి పడినచో మన్నించవలెను.

1. నా నంబరు పదిమందికి చేరిన వైనం

మా ఊరిలో చాలామంది మగవాళ్ళు పనులకు చెన్నై, హైదరాబాదు పోయి వస్తుంటారు. ఎప్పుడు ఏది చవకైతే ఆ సిమ్ము వేస్తారు. నాది పదిహేడేళ్ళుగా ఒకటే మీటల ఫోను, ఒకటే నంబరు. నేను ఊరు కదలను. శైలజ ఆధారుకు కూడా ఆ నంబరే ఉన్నది. దరఖాస్తు నింపేటప్పుడు ఫోనుకు ఆరంకెల ఓటీపీ వస్తుందని, దానిని పది నిమిషాలలో చెప్పకపోతే చెల్లదని పొందూరులో నెట్ షాపు నడిపే మురళీమోహన్ చెప్పాడు. ఆ మాట ఊరిలో పొక్కింది.

ముందుగా పక్కింటి కూర్మమ్మ వచ్చింది. ఆమె కూతురు రాధిక మా శైలజతోనే ఇంటరు రెండో సంవత్సరం.

"మావా, మా ఆయన నంబరు ఈ నెలొకటి, పై నెలొకటి. మా గుంటకి నీ నంబరేసేత్తన్నాం. ఏటంతావు?"

నేను ఏమీ అనలేదు.

"ఊరుకున్నాడంతే ఒప్పుకున్నట్టే" అని ఆవిడే తీర్మానం చేసి వెళ్ళిపోయింది.

ఆ తరువాత ఇంకొక ఎనిమిది ఇళ్ళవారు వచ్చారు. ఎనిమిదిసార్లు ఊరుకున్నాను. శైలజతో కలిపి పదిమంది. మనిషికి అయిదు ఓటీపీల లెక్కన యాభై రావలసియున్నది. ఇంతవరకు ముప్పయ్యారు వచ్చినవి. అంతకు ముందు నా ఫోనుకు వారానికి ఒక్క కాల్ వచ్చేది, అదీ పాటలు పెట్టుకోమని.

2. గడ్డికుప్ప సంగతి

మా ఇంట్లో సిగ్నలు రాదు. కళ్ళంలో గడ్డికుప్ప పైన వస్తుంది, అక్కడ కూడా తూర్పు కొసన కూర్చుంటేనే. కాబట్టి ఈ నెల మొదటి నుంచి నిచ్చెన వేసుకుని కుప్ప మీదనే ఉంటున్నాను. నా భార్య నారాయణమ్మ కిందనుంచి గంజి అందిస్తూ అన్నది:

"అరవై తొమ్మిదేళ్ళకి కుప్పెక్కి కూకున్నావు. గుడ్డెడతావేటి?"

"పెట్టీదాకా దిగను" అన్నాను.

నేను ఎదురు జవాబు చెప్పానని ఆమె రెండు రోజులు వీధి వీధికీ చెప్పుకుని నవ్వింది.

ఓటీపీ కోసం పిల్లలు కూడా పైకి వచ్చేవారు. వచ్చినది వచ్చినట్టు వాళ్ళే చదివి, వాళ్ళే నెట్ షాపుకు ఫోను చేసి చెప్పేవారు. నా పని ఫోను పట్టుకొనుట మాత్రమే. మిగతా సమయంలో ఒకరు లెక్కలు, ఒకరు రసాయనం చదువుకునేవారు. మార్చిలో పరీక్షలు కదా. ఏ కాలేజీ ముందు పెట్టాలి, ఏది తరువాత పెట్టాలి అని దెబ్బలాడుకునేవారు. విశాఖపట్నం, బాపట్ల, తిరుపతి, నేను చూడని ఊళ్ళన్నీ మా కుప్ప మీదికి వచ్చి కూర్చున్నాయి. శైలజ ఒక్కతే అరవై కాలేజీలు రాసింది. మా నారాయణమ్మ, "ఒక్క పిల్లకి అరవై కాలేజీలేటి, ఎక్కడ కూకుంటాది?" అని అడిగితే అందరూ పొర్లి పొర్లి నవ్వారు. ఆ పొర్లుడుకు కుప్ప ఒకవైపు కుంగింది. దీనికి నష్టపరిహారం కోరడం లేదు. నా జన్మలో అంత బాగున్న నెల ఇంకొకటి లేదని మాత్రం తమ దృష్టికి తెచ్చుచున్నాను.

3. ఫోటో

ఇది ఫిర్యాదు కాదు. అయినా దస్త్రంలో ఉండుట మంచిది. ఫోటో వెనుక తెలుపు ఉండాలన్నారు. మా ఊరిలో అంత తెలుపు నా పొందూరు పంచె ఒక్కటే. ఒక కొస నేను, ఒక కొస నారాయణమ్మ పట్టుకుని పదిమంది పిల్లలనూ దాని ముందు నిలబెట్టాము. రాధిక ఫోటో తిరిగి వచ్చినది. కారణం అడిగితే, ఫోటోలో ఇంకొక మనిషి ఉన్నాడని మిషను రాసిందట. చూస్తే చెవి పక్కన నా బొటనవేలు ఉన్నది.

"మావా, మా గుంట కూడా నువ్వూ సదువుకెల్తావేటి?" అన్నది కూర్మమ్మ.

మళ్ళీ తీశాము. ఆ రెండోది చెల్లినది.

4. తాళం పడిన విధము

ఇది అసలు సంగతి. ఇందులో తప్పు నాది. మిషనుది కాదు, మురళీమోహన్‌ది కాదు, పిల్లలది అసలే కాదు.

నేను నలభై ఏళ్ళు మా ఊరి కళ్ళాల్లో ధాన్యం కొలిచాను. కుంచంతో కొలిచేటప్పుడు మా వైపు మొదటి కుంచాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు, ఇలా పోతుంది. రాశి దగ్గర ఒకటి అంటే ఒక్కటితోనే ఆగిపోతుందని పెద్దల భయం. నేను మాట్లాడేది తక్కువ. మాట్లాడినది చాలామట్టుకు ఆ లెక్కే. నలభై ఏళ్ళలో నా నాలుకకు ఆ అంకె పేరు లాభం అయిపోయినది. ఇప్పుడు కాటాలు, మిషను కోతలు వచ్చాయి. నెట్ షాపు అబ్బాయి కుంచం చూసి ఉండడు. మా శైలజ చూసింది గాని, చిన్నప్పుడు, అందులో కుక్కపిల్లను కూర్చోబెట్టడానికి.

సోమవారం నాడు మిగతా తొమ్మిదిమందికీ ప్రాక్టికల్స్. శైలజ అవి ముందే ముగించుకుని ఒక్కతే పొందూరు వెళ్ళింది. దరఖాస్తు ఆఖరి మీట నొక్కాలి. కుప్ప మీద నేనొక్కణ్ణే. చదివేవారు ఎవరూ లేరు. ఓటీపీ వచ్చింది. జీవితంలో మొదటిసారి నేనే ఫోను చేసి, నేనే మాట్లాడాను.

"లాభం, నాలుగు, తొమ్మిది, లాభం, ఎనిమిది, రెండు."

"తాతగారూ, మంచిదే, అంతా లాభమే వస్తాది. ముందు నంబరు సెప్పండి" అన్నాడు మురళీమోహన్. నేను దీవిస్తున్నానని అనుకున్నాడు.

మళ్ళీ అదే చెప్పాను. అతను నాలుగంకెలు కొట్టి, ఖాళీ ఉన్న రెండు గళ్ళలో సున్నాలు పెట్టాడట. చెల్లలేదు. రెండో ఓటీపీ వచ్చింది. దానిలో కూడా ఆ అంకె ఉన్నది. గట్టిగా చెబితే వినబడుతుందనుకుని కుప్ప మీద లేచి నిలబడి చెప్పాను. పక్క పొలంలో మినుములు పీకే ఆడవాళ్ళకు వినబడింది గాని నెట్ షాపులో అర్థం కాలేదు. అదీ చెల్లలేదు.

మూడోసారి, ఆ రెండో ఓటీపీనే మళ్ళీ కొడదామని, శైలజ ఫోను తీసుకుంది.

"తాతా, లాభం అంతే ఏటి? ఏ బొత్తాం?"

"లాభం అంతే లాభమే అమ్మా. మొదటిది."

"మొదటిదంతే ఏ మొదటిది? గీతలాగుంతాదా?"

"కర్రలాగుంతాది."

"ఓలమ్మా, ఒకటా" అని ఆ పిల్ల నవ్వడం మొదలుపెట్టింది. మురళీమోహన్ నవ్వాడు. నాకూ నవ్వు వచ్చి కుప్ప మీద కూలబడ్డాను. నవ్వుతూనే ఒకటి కొట్టింది. సరిగానే కొట్టింది. కానీ అప్పటికి పది నిమిషాలూ దాటిపోయినవి. మిషను దానిని మూడో తప్పు కింద జమకట్టి నంబరుకు తాళం వేసింది. ఆ నంబరు మీద ఉన్న పదిమందికీ ఒకేసారి పడింది. "నంబరు గల వ్యక్తి స్వయముగా సహాయ కేంద్రమునకు హాజరై వ్రాతపూర్వకముగా కోరవలెను" అని తెర మీద వచ్చినది. శైలజ అది చదివి వినిపించింది. అప్పుడు ఎవరమూ నవ్వలేదు.

5. ప్రస్తుత స్థితి

శనివారం సాయంత్రం దాటితే ఈ ఏటికి ఇక లేదన్నారు. శైలజ వ్యవసాయం చదువుతానంటుంది. ధాన్యం గురించి నాలుగేళ్ళు చదవడానికి ఏముందో నాకు తెలియదు గాని, ఆ పిల్ల చెబుతుంటే ఉన్నదనే అనిపించుచున్నది. రాధిక నర్సు చదువుకు పెట్టింది. మిగతావాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఒక్క మనిషి నాలుక మూలంగా పదిమంది ఏడాది ఇంట్లో కూర్చుండుట న్యాయం కాదు.

తమకు చెప్పవలసినది ఇంకొకటి కలదు. ఊరిలో ఒక్కరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండును. నిన్న కూర్మమ్మ నా దగ్గరకు వచ్చి కూర్చుంది. తిడుతుందేమో అనుకున్నాను.

"ఎల్లి సెప్పుకో మావా. నువ్వు నోరిప్పితే ఆఫీసరు గారు కూడా లేసి నిలబడతారు. మేం ఎప్పుడు ఇన్నాం గనక" అన్నది.

అలా అని ఈ ఉదయం టిఫిను కట్టి ఇచ్చింది. శైలజ బస్సు దాకా వచ్చి, "తాతా, మాటాడక్కర్లేదు. కాగితం ఇచ్చీ, నంబరడిగితే సెప్పీ. అంతే" అన్నది. "ఏదీ, ఒకసారి సెప్పు" అని బస్సు కదిలేదాకా నాచేత ఒకటి, ఒకటి, ఒకటి అనిపించింది. కండక్టరు మూడు టిక్కెట్లు కొట్టబోయాడు.

కావున నేను ప్రార్థించునది:

(క) నా నంబరుకు పడిన తాళం ఈ రోజే తీయించవలెను.

(ఖ) అది వీలుకాకపోయినచో నా నంబరుకు ఎన్నాళ్ళయినా తాళం ఉంచి, పిల్లలకు మాత్రం తీయవలెను. ఇది ఎట్లు కుదురునో నాకు తెలియదు, తమకు తెలిసియుండును.

(గ) ఏదయినా జరిమానా గాని, మందలింపు గాని ఉన్నచో నా పేరు మీద వేయవలెను. పిల్లల దరఖాస్తులలో ఆ మచ్చ ఉండరాదు.

పదిమంది పిల్లల ఏడాది తమ వేలి కింద ఉన్నదని తలచి చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

ఇట్లు,
తమ వరండాలో స్తంభం పక్కన నిలబడియున్న విధేయుడు,
గురుగుబెల్లి సోములు

తా.క.: అయ్యా, పై సంతకం పెట్టిన తరువాత జరిగినది, గోడకు ఆనించి రాయుచున్నాను. గుమ్మం దగ్గర కూర్చున్న గుమాస్తా గారు అందరి నంబర్లూ ముందే రాసుకున్నారు. తాళం తీసేముందు ఫోనుకు ఒక ఓటీపీ వస్తుందని, దానిని లోపల తమకు నోటితో చెప్పవలెనని అన్నారు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం అవుతుందనుకున్నాను. ఇప్పుడే ఫోను మోగినది. వచ్చేసింది. నా ముందు ఇరవై ఇద్దరు ఉన్నారు.

నేను ఎప్పుడూ వరస తప్పలేదు. రేషను దగ్గర కూడా లేదు. ఏం చేయాలో తెలియక ఫోను చూస్తూ నిలబడితే, ముందున్న లక్ష్మణమ్మ అనే ఆమె, టెక్కలి నుంచి మనవడి పని మీద వచ్చిందట, వెనక్కి తిరిగి అడిగింది:

"ఏటి బావా, అలగ ఫోన్లోకే సూత్తన్నావు?"

"ఓటీపీ" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. "ఒరే, తప్పుకోండర్రా, ముసలాయనకి ఓటీపీ వచ్చీసినాది" అని ఒక్క కేక వేసింది. ఇరవై ఇద్దరూ గోడకు అంటుకున్నారు. గుమాస్తా గారు కూడా కుర్చీ జరుపుకున్నారు. గుమ్మం దాకా దారి ఖాళీగా ఉన్నది. ఇంత దారి నా కోసం ఎవరూ ఇవ్వలేదు.

ఇంకా ఆరు నిమిషాలు ఉన్నాయి. నా గొంతు రాకపోతే ఈ కాగితం చూడండి: అయిదు, సున్న, మూడు, మూడు, ఎనిమిది, రెండు. ఇందులో ఒకటి లేనే లేదు. లోనికి వచ్చేస్తన్నాను. తలుపు వేయించకండి.