గిద్దలూరు హాలు వాలు

ఏమండీ,

మీరు పోయి ఈ రోజుకు ఏడాది. మన ఆఫీసు మొదట ప్లాను గీసిన సినిమా హాలు, ఆ గిద్దలూరుదే, పెళ్ళిళ్ళ హాలుగా మారుతోంది. ఆ పనీ మన ఆఫీసుకే వచ్చింది. ఇప్పుడు ఆఫీసు చూసుకుంటున్న మీ తమ్ముడి కొడుకు రమణ నన్ను తీసుకుపోయి చూపించాడు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

అప్పట్లో నేలకు సిమెంటు వేయకముందు, ఆడవాళ్ళ వరుసలో నన్ను పీట మీద కూర్చోబెట్టేవారు. నా ముందు వరుసలో మీరు తలపాగా చుట్టుకుని అడ్డంగా కూర్చునేవారు. "పొట్టిదానా, నీకు తెర కనపడితే జిల్లాకంతా కనపడినట్లే," అనేవారు. నేను తల ఊపాకే మేస్త్రీ నేల వాలు ఖాయం చేసేవాడు.

ఇప్పుడు ఆ వాలంతా మట్టితో నింపారు.

"ఏందిరా ఇది? వెనకోళ్ళకు పెళ్ళికూతురు కనపడేదెట్ల?" అన్నాను.

"వాలుంటే భోజనాల బల్లలు జారిపోతాయి గదా పెద్దమ్మా! వెనకోళ్ళకు టీవీలు పెడతాంలే," అని నవ్వాడు.

నిజమే కాబోలు.

నన్ను వెనక కుర్చీలో కూర్చోబెట్టి, తెర ఉండిన చోట నిలబడ్డాడు. "కనపడతన్నానా పెద్దమ్మా?"

కనపడ్డాడు. అచ్చం మీ పొడుగే, పెళ్ళికూతురు అంతుంటుందా? పక్కనే మేస్త్రీ సిమెంటు కలుపుతున్నాడు. తల ఊపితే నేల ఇట్లే చదునుగా ఖాయం చేస్తారేమోనని ఊపలేదు.

తప్పు చేశానంటారా?