గొడుగు ముద్ర నాణెం

తండ్రి, కుమార, పవిత్రాత్మ నామమున. రోము నగరం, త్రస్తేవెరె పేటలో బట్టలుతికి బతికిన పచీఫికా అనే నేను, పీపాలు చేసే సాంతే విధవను, ఒళ్లు పడకేసినా తెలివి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పి రాయిస్తున్న వీలునామా. నోటరీ ప్రోస్పెరో గారూ, నా మాటలకు నగిషీలు పెట్టకండి.

1. రాగి కాగు మేనల్లుడు లేల్లోకి. అడుగున చిల్లి ఉంది, మాటు వేయించాలి. వాడు మరిచిపోతాడు, ఎవరైనా గుర్తుచేయండి.

2. పిల్లి, చేపలమ్మే మేనికాకి. "ఏమే, ఆ దిండు వదలవేం, అందులో పోప్ గారిని దాచావా?" అని ఎన్నేళ్లు ఎగతాళి చేసిందో! నవ్వేదాన్ని. దిండు మాత్రం ఇంకాస్త దగ్గరికి లాక్కునేదాన్ని.

3. ఆ దిండులో ఉన్నిమధ్య ఒక బంగారు నాణెం ఉంది. అది నాది కాదు. ఇరవై మూడేళ్ల కిందట నాణేలు కొట్టే టంకశాల పనివాళ్ల పనిగుడ్డలు నేనే ఉతికేదాన్ని. బంగారు రజను పోకుండా ఉతికిన నీళ్లు కూడా తిరిగివ్వాలి. చుక్క పోకుండా ఇచ్చాను. అక్కడి పనివాడు నార్దో గుడ్డ మడతలో దొరికిన నాణెం మాత్రం ఇవ్వలేదు. మా ఆయన సాంతే దగ్గు మందు కోసమని సాకు చెప్పను. మెరిసింది, తీశాను.

బంగారమంటే బంగారమే అనుకున్నా. అది పాత పోప్ గారు పోయి కొత్తాయన రాని ఆ నెలలోపు కొట్టింది. పోప్ పేరుండదు, తాళంచెవుల మీద గొడుగుంటుంది. కొట్టినవే కొన్ని. ఒకటి తగ్గిందని టముకు వేశారు. ఇక మారిస్తే గొడుగు చూసి పట్టేస్తారు, తిరిగిస్తే దొంగనని తేలిపోతుంది. నార్దోని దొంగన్నారు, తరిమేశారు. రేవులో మూటలు మోసి మోసి చచ్చిపోయాడు. గురువుగారి దగ్గర పాపం ఒప్పుకున్నప్పుడూ ఆశపడ్డానన్నానే గాని, తీశానని చెప్పలేదు.

ఆ నాణెం నార్దో కూతురు ఫౌస్తీనాకి. టంకశాల అడిగితే ఇచ్చేయనీ, మచ్చ పోయిన తండ్రి పేరు మాత్రం ఆమెదే. ఆదివారం పూజయ్యాక గుడి వాకిట్లో ఇది బిగ్గరగా చదవాలి.

4. నేను పోయేదాకా ఈ కాగితం విప్పొద్దు. మంచాన పడ్డ నాకు శనగల పులుసు తెచ్చేది ఆ పిల్లే. "పెద్దమ్మా, రెండు ముద్దలైనా తిను" అంటుంది. తెలిస్తే రాదేమోనని భయం.

5. నాలుగోది కొట్టేయండి. ఆ పిల్ల తలుపు బయటే ఉంది, పులుసు చల్లారిపోతోంది. లోపలికి పిలిచి మూడోది చదివి వినిపించండి. తర్వాత ఆమె ఇష్టం.

1589 నవంబరు మూడో తేదీ.
సంతకం రాని పచీఫికా పెట్టిన సిలువ గుర్తు.
సాక్షులు: రొట్టెల బట్టీ జెంతీలె, మంగలి ఒత్తావియో.
మూడో అంశం చదవగా చివరిదాకా నిలబడి విన్నది: నార్దో కూతురు ఫౌస్తీనా.